హాబీగా చేసిన వస్తువుకు పేటెంట్ తీసుకుంటే గిట్టుబాటవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు ఉద్యోగం, రాత్రి టేబుల్ మీద స్క్రూలు, వైర్లు. అలా కూర్చున్న ఏదో ఒక రాత్రి చేతిలో ఉన్నదాన్ని చూసుకుని "ఇది ఇంకెక్కడా లేదే!" అనిపిస్తుంది. మర్నాడు స్నేహితుడికి చూపిస్తే "ముందు పేటెంట్ తీసుకో, లేకపోతే ఎవడో కొట్టేస్తాడు" అంటాడు. నాకూ ఒకరు అలాగే చెప్పారు. విన్నాను, ఒక పేటెంట్ తీసుకున్నాను, కొన్నేళ్లకు దాన్ని వదిలేశాను. అప్పటినుంచి తోటి హాబీవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. నేను లాయర్‌ని కాదు. డబ్బు కట్టేముందు మీ దేశంలో లైసెన్స్ ఉన్న పేటెంట్ ఏజెంట్‌తో ఒకసారి మాట్లాడండి.

సూటిగా చెప్పండి, గిట్టుబాటవుతుందా?

చాలామందికి కాదు. మీ వస్తువు మంచిది కాదని నా ఉద్దేశం కాదు. వస్తువు ఎంత తెలివిగా ఉంటే పేటెంట్‌కి అంత విలువ అనుకుంటాం, అక్కడే పప్పులో కాలేస్తాం. దాన్ని కాపీ కొట్టాల్సిన అవసరం ఎవరికైనా ఉందా? కొడితే మీకు తెలుస్తుందా? తెలిస్తే వాళ్ల వెంట పడే స్తోమత మీకుందా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

మొదటిదానికే చాలామంది ఆగిపోతారు. ఏడాదికి వందమంది కొనే వస్తువును కాపీ కొట్టడానికి ఏ ఫ్యాక్టరీ అచ్చు పోయించుకోదు. రెండోదానికి ఇంకొందరు ఆగుతారు. మీరు కనిపెట్టింది లోహానికి పూత వేసే పద్ధతి అనుకోండి, దాన్ని ఎవరో తమ షెడ్డులో తలుపులు వేసుకుని వాడుకుంటుంటే మీకు ఎలా తెలుస్తుంది?

పేటెంట్ చేతికొస్తే నాకు వచ్చేది ఏమిటి?

దావా వేసే హక్కు. అంతే. వేరేవాళ్లు మీ అనుమతి లేకుండా దాన్ని తయారు చేయకూడదు, అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు అని కోర్టుకు వెళ్లి అడగడానికి మీకు చేతిలో ఒక కాగితం ఉంటుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాల్లో ఆ హక్కు ఫైల్ చేసిన రోజునుంచి కనీసం 20 ఏళ్లదాకా ఉండొచ్చు, ఫీజులు కడుతూ ఉంటే. కానీ కాపలా కాసేది పేటెంట్ ఆఫీసు కాదు, మీరే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ పేటెంట్ మీకు ఆ వస్తువును తయారు చేసే హక్కు ఇవ్వదు. మీరు చేసిన స్టాండులో ఒక కీలు ఉంది, ఆ కీలు మీద ఇంకొకరికి పేటెంట్ ఉంది అనుకోండి. స్టాండు మీద పేటెంట్ మీదే, అయినా వాళ్ల అనుమతి లేకుండా ఒక్కటి కూడా అమ్మలేరు.

ఖర్చు ఎక్కడెక్కడ వస్తుంది?

ఫైలింగ్ ఫీజు చూసి "ఇంతేనా!" అనుకుంటారు. అది సినిమా టికెట్ లాంటిది, లోపలికి వెళ్లాక అయ్యే ఖర్చు వేరు. పైగా వ్యక్తులకు చాలా దేశాలు ఆ ఫీజు బాగా తగ్గిస్తాయి. అమెరికాలో 'మైక్రో ఎంటిటీ'గా (ఆదాయం తక్కువున్న చిన్న దరఖాస్తుదారుగా) అర్హత ఉంటే చాలా ఫీజుల్లో 80 శాతం తగ్గుతుంది.

అసలు డబ్బు పోయేది రాయించుకోవడానికి. పేటెంట్ రాయడం ఒక ప్రత్యేకమైన విద్య, ఏజెంట్ గంటలు ఊరికే రావు. తర్వాత ఒకటి రెండేళ్లకు పేటెంట్ ఆఫీసులో మీ అప్లికేషన్‌ని పరీక్షించే ఎగ్జామినర్ అభ్యంతరాలు పంపిస్తాడు, ఒక్కోసారి కోడిగుడ్డు మీద ఈకలు పీకినట్టు. వాటికి జవాబు రాయించాలి, మళ్లీ ఫీజు. వేరే దేశాల్లో కావాలంటే అనువాదం, అక్కడి ఏజెంట్. పేటెంట్ వచ్చాక దాన్ని బతికించుకునే ఫీజులు వేరు. అమెరికాలో మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు కట్టాలి, చాలా దేశాల్లో ఏటేటా కట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెరుగుతాయి. వీటన్నిటికీ పైన దావా ఖర్చు. ఆ ఒక్కటి ముందున్నవన్నీ కలిపినదాన్ని మించిపోతుంది.

ఇప్పటికే వీడియో పెట్టేశాను. ఇప్పుడు ఫైల్ చేయొచ్చా?

దేశాన్నిబట్టి. పేటెంట్‌కి వస్తువు 'కొత్తది' కావాలి, మీ నోటితో మీరే లోకానికి చెప్పేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. అమెరికా, జపాన్, దక్షిణ కొరియాలు సొంతదారు బయటపెట్టినదాన్ని ఏడాదిపాటు క్షమిస్తాయి. యూరప్‌లో అలాంటి వెసులుబాటు దాదాపు లేనట్టే: వీడియో ఈ రోజు పెడితే, రేపు ఉదయం ఫైల్ చేసినా ఆలస్యమే. భారత్, చైనాల్లో ఉన్న మినహాయింపులు చాలా ఇరుకు, మామూలు వీడియోకి అవి వర్తించవు.

వీడియో ఒక్కటే కాదు. పది అమ్మినా, ప్రదర్శనలో పెట్టినా, ఫోరంలో ఫొటోలతో వివరించినా అంతే. ఇంకా తేల్చుకోలేదంటే నోరు కట్టేసుకోండి, కనీసం ఏదో ఒకటి ఫైల్ చేసేదాకా. ఎవరికైనా చూపించక తప్పకపోతే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని చూపించండి.

నాది నిజంగా కొత్తదో కాదో ఎలా తెలుస్తుంది?

వెతకాలి. ఈ ఒక్క పని మాత్రం అందరూ చేయాలంటాను, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు. గూగుల్ పేటెంట్స్, యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వాళ్ల ఎస్పాసెనెట్, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) నడిపే పేటెంట్‌స్కోప్, మూడూ ఉచితం. రెండు మూడు శనివారాలు కూర్చోండి.

ఎలా వెతకాలో నా తప్పు చెబితే తెలుస్తుంది. సోల్డరింగ్ చేసేటప్పుడు సర్క్యూట్ బోర్డును పట్టుకుని ఎటు కావాలంటే అటు తిరిగే ఒక స్టాండు చేశాను. 'సోల్డరింగ్', 'సర్క్యూట్ బోర్డు', 'హోల్డర్' అని వెతికాను. నాలాంటిది లేదు. ఎగిరి గంతేసి ఫైల్ చేశాను. రెండేళ్లకు ఎగ్జామినర్ రిపోర్ట్ వచ్చింది, దానికి జతగా ఒక పాత బొమ్మ. చేపలు పట్టేవాళ్లు గాలానికి ఈకలు, దారాలు చుట్టి ఎర ఈగల్లా తయారు చేస్తారు కదా, ఆ గాలాన్ని పట్టుకుని ఉంచే చిన్న సాధనం అది. కింద బరువైన దిమ్మ, దాని మీద బంతి కీలు, పైన రెండు దవడలు. నా స్టాండే! నేను పుట్టకముందు గీసిన బొమ్మ.

ఎగ్జామినర్‌కి మీ హాబీతో పని లేదు, వస్తువు ఎలా పనిచేస్తుందన్నదే చూస్తాడు. కాబట్టి "దేనికి వాడతాం" అని వెతక్కండి, "ఏం చేస్తుంది" అని వెతకండి. పేటెంట్లన్నిటికీ వర్గీకరణ కోడ్‌లు ఉంటాయి. మీ దానికి దగ్గరగా ఉన్న ఒక పేటెంట్ దొరికితే దాని మీద ఉన్న కోడ్ పట్టుకుని ఆ గదిలో ఉన్నవన్నీ చూడండి. ఆ పేటెంట్ ఏయే పాతవాటిని ఉదహరించిందో అవీ తెరవండి. పదాలతో దొరకనివి అలా దొరుకుతాయి.

క్లెయిమ్ అంటే ఏమిటి? ఎందుకంత గోల?

పేటెంట్‌లో బొమ్మలు, వివరణ ఎన్ని పేజీలున్నా హద్దురాళ్లు మాత్రం చివర్లో ఉండే క్లెయిమ్‌లే. ఎవరైనా మీ హక్కును దాటారా లేదా అన్నది ఆ వాక్యాల్లో మాటకు మాట పెట్టి చూస్తారు. మొదట నా క్లెయిమ్ సుమారుగా ఇలా ఉండేది:

"ఒక ఆధారం, ఆ ఆధారానికి బిగించిన బంతి కీలు, ఆ కీలు మీద అమర్చిన రెండు దవడలు, దవడలను దగ్గరకు లాగే ఒక సాధనం."

ఆ గాలం బొమ్మ వచ్చాక ఇది నిలవలేదు. ఏజెంట్ రెండు దఫాలు సవరించాక మిగిలింది:

"...దవడలను దగ్గరకు లాగే చుట్ట స్ప్రింగ్, ఆ స్ప్రింగ్ ఒక కొన ఆధారం లోపలి గాడిలోనూ రెండో కొన కదిలే దవడ అడుగున ఉన్న కొక్కేనికీ తగిలించి ఉండగా..."

ఈ రూపంలో పేటెంట్ వచ్చింది. ఇంట్లో అందరికీ చూపించాను. వారం తర్వాత తీరిగ్గా చదివితే అర్థమైంది: స్ప్రింగ్ తీసేసి రబ్బరు పట్టీ పెట్టినవాడు నా హద్దు బయటే ఉన్నాడు. క్లెయిమ్‌లో చెప్పిన భాగాలన్నీ ఉంటేనే ఉల్లంఘన, ఒక్కటి లేకపోయినా మామూలుగా కాదు. "రబ్బరు పట్టీ కూడా స్ప్రింగ్ లాంటిదే" అని కొన్ని దేశాల కోర్టుల్లో వాదించొచ్చు, కానీ ఆ మాటను మనమే సవరణలో ఇరుకు చేసుకుని ఉంటే ఆ వాదన బలహీనపడుతుంది.

అందుకని ఎవరైనా "పేటెంట్ ఇప్పిస్తాను, గ్యారంటీ" అంటే నాకు నవ్వొస్తుంది. తగినంత ఇరుకు చేస్తే చాలా వాటికి వస్తుంది. మీ పోటీదారు ఒక పూటలో తప్పించుకోలేనంత వెడల్పుగా వస్తుందా అన్నది అడగండి.

ప్రొవిజనల్ అప్లికేషన్ తక్కువలో అయిపోతుందట కదా?

అవును, అమెరికా, భారత్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఉంది. ఇది తాత్కాలిక అప్లికేషన్: మీరు ఫైల్ చేసిన తేదీని పట్టుకుంటుంది, పూర్తి అప్లికేషన్ ఇవ్వడానికి 12 నెలలు గడువిస్తుంది. ఆ ఏడాదిలో పది మందికి చూపించి, కొంటారా లేదా అన్నది తేల్చుకోవచ్చు. వద్దనుకుంటే వదిలేయండి. హాబీవాళ్లకు ఈ మొత్తం వ్యవస్థలో నిజంగా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

ఒక షరతు. అందులో రాసిందానికే ఆ తేదీ దక్కుతుంది. రెండు పేరాలు, ఒక వంకర బొమ్మ పెట్టి ఫైల్ చేసి, అసలు కిటుకు ఏడాది తర్వాత పూర్తి అప్లికేషన్‌లో రాస్తే, ఆ కిటుకుకి పాత తేదీ రాదు. మీ చేతిలో ఉన్నదే కాదు, ఇంకా ఎన్ని రకాలుగా చేయొచ్చో అన్నీ రాయండి. స్ప్రింగ్ అన్నచోట రబ్బరు, అయస్కాంతం, స్క్రూ అని కూడా. నేను రాయలేదు.

ప్రపంచమంతటికీ ఒకే పేటెంట్ దొరకదా?

దొరకదు. పేటెంట్ ఏ దేశానికి ఆ దేశంలోనే చెల్లుతుంది. 1883 నాటి ప్యారిస్ ఒప్పందం వల్ల ఒక దేశంలో ఫైల్ చేశాక 12 నెలల్లో ఇతర సభ్యదేశాల్లో ఫైల్ చేసినా మొదటి తేదీనే లెక్కిస్తారు. పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) అని ఇంకొకటి ఉంది, 1970లో కుదిరింది, ఇప్పుడు 150కి పైగా దేశాలున్నాయి. దాన్ని 'అంతర్జాతీయ పేటెంట్' అని అమ్మేవాళ్లు ఉన్నారు, నమ్మకండి. అది అప్లికేషన్ మాత్రమే. మొదటి తేదీనుంచి సాధారణంగా 30 నెలలదాకా దేశాలను ఎంచుకునే టైమ్ ఇస్తుంది. ఆ తర్వాత ఏ దేశానికి ఆ దేశంలో విడిగా ఫీజు, విడిగా పరీక్ష.

నా డిజైన్‌ని కవర్లో పెట్టి నాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుంటే సాక్ష్యం అవుతుందా?

కాదు. ఎవరు ముందు కనిపెట్టారన్నది కాదు, ఎవరు ముందు ఫైల్ చేశారన్నదే లెక్క. అందరికంటే ఆఖరున అమెరికా కూడా 2013 మార్చి 16 నుంచి ఆ దారికే వచ్చింది.

పెద్ద కంపెనీ కాపీ కొడితే?

రాబర్ట్ కెర్న్స్ సంగతి వినండి. కారు అద్దం తుడిచే వైపర్ ఆగి ఆగి తిరిగేలా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కనిపెట్టిన ఇంజనీరింగ్ ప్రొఫెసర్. 1964లో ఫైల్ చేశాడు. ఫోర్డ్ మీద 1978లో దావా వేశాడు. 1990లో ఫోర్డ్ ఒక కోటీ రెండు లక్షల డాలర్లకు రాజీ పడింది. ఇంకో కార్ల కంపెనీ క్రిస్లర్ మీద కూడా గెలిచాడు. కథ అక్కడితో ఆపేసి చెప్పేవాళ్లే ఎక్కువ. కానీ ఆ డబ్బు వచ్చేసరికి ఆయన మొదటి పేటెంట్ల గడువు అయిపోయింది, పెళ్లి నిలవలేదు, లాయర్లను మార్చి మార్చి చివరికి చాలావరకు తానే వాదించుకున్నాడు. ఇంకొన్ని కంపెనీల మీద వేసిన దావాలు కోర్టు గడువులు తప్పడంతో కొట్టుడుపోయాయి. ఆయన గెలిచింది నిజమే. మీకు ఆ జీవితం కావాలా అన్నది వేరే ప్రశ్న.

మరి హాబీగా చేసి బాగుపడినవాళ్లు లేరా?

ఉన్నారు. లానీ జాన్సన్ నాసాలో ఇంజనీరు. 1982లో ఇంట్లో ఫ్రియాన్ (ఫ్రిజ్‌లలో చల్లదనం కోసం వాడిన వాయువు) బదులు నీటితో నడిచే హీట్ పంప్ కోసం ప్రయోగాలు చేస్తుంటే, బాత్రూమ్ సింక్‌కి తగిలించిన నాజిల్ నుంచి నీళ్లు జోరుగా దూసుకుపోయాయి. అదే తర్వాత 'సూపర్ సోకర్' నీళ్ల తుపాకీ అయింది. పేటెంట్ తీసుకున్నాడు, కానీ తానే తయారు చేద్దామంటే ఖర్చు అందలేదు. ఏళ్లు తిరిగి 1989లో ఒక బొమ్మల కంపెనీకి లైసెన్స్ ఇచ్చాడు. 2013లో, ఆ కంపెనీని తర్వాత కొన్న హాస్‌బ్రో నుంచి ఆయనకు మధ్యవర్తిత్వంలో దాదాపు 7 కోట్ల 30 లక్షల డాలర్లు దక్కాయి. ఆ డబ్బు కాపీ కొట్టినందుకు పడిన జరిమానా కాదు, ఒప్పందం ప్రకారం రావలసిన రాయల్టీ బాకీ. పేటెంట్ ఉంది కాబట్టి ఒప్పందం కుదిరింది, ఒప్పందం ఉంది కాబట్టి డబ్బు వచ్చింది. లైసెన్స్ ఇచ్చే ఉద్దేశం, అడిగేవాళ్లు ఉంటే పేటెంట్‌కి ఖర్చు పెట్టడం సబబే.

ఫీజు కట్టక పేటెంట్ పోయి, తర్వాత అదే వస్తువు కోట్లలో అమ్ముడుపోతే?

ఫిడ్జెట్ స్పిన్నర్ (వేళ్ల మధ్య పట్టుకుని తిప్పే చిన్న బొమ్మ) కథ గురించే కదా. 2017లో ఆ బొమ్మల పిచ్చి ముదిరినప్పుడు క్యాథరిన్ హెట్టింగర్ అనే ఆవిడ పేరు పేపర్లన్నిటా వచ్చింది. 400 డాలర్ల ఫీజు కట్టలేక 2005లో పేటెంట్ వదులుకుందని, లేకపోతే కోటీశ్వరురాలయ్యేదని. తర్వాత క్లెయిమ్‌లు చదివినవాళ్లు చెప్పింది వేరు: ఆవిడ పేటెంట్ వేలి మీద తిరిగే గుమ్మటం లాంటి బొమ్మకు, బేరింగ్ ఉన్న మూడు రెక్కల స్పిన్నర్ దాని పరిధిలోకే రాదు. ఫీజు కట్టినా ఒరిగేది పెద్దగా ఉండేది కాదు. ఈ రెండో సగం చాలామందికి చేరలేదు, భయం మాత్రం చేరింది.

"మీ ఐడియాని మేం అమ్మిపెడతాం" అంటున్నారు, నమ్మొచ్చా?

ముందు డబ్బు అడిగితే వద్దు. అమెరికాలో 1999 చట్టం ప్రకారం ఇలాంటి ప్రమోషన్ కంపెనీలు, తమ ద్వారా పెట్టినదానికంటే ఎక్కువ సంపాదించుకున్న కస్టమర్లు ఎంతమందో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మీరు ఏ దేశంలో ఉన్నా అదే ప్రశ్న అడగండి, వాళ్ల మొహం చూడండి. ఇంకొకటి: అప్లికేషన్ 18 నెలలకు ప్రచురితమయ్యాక, ప్రభుత్వ నోటీసులా కనిపించే 'రిజిస్ట్రేషన్ బిల్లులు' పోస్టులో వస్తాయి. వైపో వీటి గురించి హెచ్చరిస్తూనే ఉంటుంది. నాకు మూడు వచ్చాయి. ఒకదానికి దాదాపు కట్టేశాను.

పేటెంట్ కాకుండా ఇంకేం చేయొచ్చు?

వస్తువు ఆకారమే ప్రత్యేకమైతే డిజైన్ రిజిస్ట్రేషన్ చౌక, త్వరగా వస్తుంది. జర్మనీ, చైనా, జపాన్‌లలో 'యుటిలిటీ మోడల్' అని గరిష్ఠంగా పదేళ్ల చిన్న పేటెంట్ ఉంది, చిన్న చిన్న యాంత్రిక మెరుగుదలలకు బాగుంటుంది. పేరు నిలబడుతుందనుకుంటే ట్రేడ్‌మార్క్. చూసినా తెలియని కిటుకైతే రహస్యంగా ఉంచుకోవడమే మేలు.

లేదా ఏమీ చేయకుండా అమ్మడం మొదలుపెట్టడం. ఇంకా ఒక్కటి కూడా అమ్మకుండానే పేటెంట్ గురించి టెన్షన్ పడటం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

అందరికీ ఉచితంగా ఇచ్చేస్తాను. ఎవరో దాన్ని పేటెంట్ చేసేసి నన్నే ఆపితే?

ఆపలేరు, మీరు సరిగా ప్రచురిస్తే. తేదీ రుజువు చేయగలిగేచోట, కొలతలతో, బొమ్మలతో, పనిచేసే విధానంతో సహా పెట్టండి. "బోర్డు పట్టుకునే స్టాండు చేశాను, సూపర్" అన్న పోస్టు చాలదు. ఆ తర్వాత ఎవరైనా అదే వస్తువుకు అప్లై చేస్తే మీ పేజీయే అడ్డం. దాని మీద చేసిన కొత్త మెరుగుదలకు మాత్రం వాళ్లు పేటెంట్ తెచ్చుకోవచ్చు.

నేను ఉద్యోగిని. నా హాబీ నాదేనా?

ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి, ఈ రోజే. కంపెనీ పనికి దగ్గరగా ఉన్నదైతే, ఆఫీస్ ల్యాప్‌టాప్ మీద గీసినదైతే చిక్కే.

వేరేవాళ్ల పేటెంట్‌లో ఉన్నదాన్ని ఇంట్లో నా కోసం చేసుకోవచ్చా?

జర్మనీ, బ్రిటన్ చట్టాలు సొంతానికి, వ్యాపారం కాకుండా చేసుకునేదాన్ని మినహాయిస్తాయి. అమెరికా చట్టంలో అలాంటి మినహాయింపు లేదు, కాకపోతే ఇంట్లో ఒకటి చేసుకున్నవాడి మీద దావా వేసి ఎవరూ డబ్బు తగలేసుకోరు. గడువు తీరిన పేటెంట్లు మాత్రం అందరివీ. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసే త్రీడీ ప్రింటింగ్ మీద స్ట్రాటసిస్ అనే కంపెనీ మూల పేటెంట్ 2009లో ముగిసింది. ఏడ్రియన్ బౌయర్ 2005లో మొదలుపెట్టిన రెప్‌రాప్ (ఎవరైనా సొంతంగా కట్టుకోగల త్రీడీ ప్రింటర్) ప్రాజెక్టు అప్పటికే ఆ పద్ధతి మీద పనిచేస్తోంది. తర్వాత కొన్నేళ్లలోనే ఇంటి ప్రింటర్లు వరసపెట్టి వచ్చాయి. పాత పేటెంట్లు చదవడం నాకు ఇప్పుడు ఒక హాబీ, బొమ్మలతో సహా అన్నీ విప్పి చెప్పే లైబ్రరీ ఇంకెక్కడుంది?

లాభం కోసం కాదు, నా పేరు మీద ఒకటి ఉండాలని...

తప్పేం లేదు. కెమెరాల మీద, బైకుల మీద ఖర్చు పెట్టేవాళ్లు లేరా? దాన్ని పెట్టుబడి పద్దులో కాకుండా సరదా పద్దులో రాసుకుని, పోయినా బాధపడనంత వరకే పెట్టండి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ చేతే రాయించండి. వైపో 'ఇన్వెంటర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్' కింద కొన్ని దేశాల్లో డబ్బు లేని ఆవిష్కర్తలకు ఉచితంగా సాయం చేసే ఏజెంట్లు దొరుకుతారు, మీ దేశం అందులో ఉందేమో చూడండి.

ఇంతకీ మీ పేటెంట్ ఏమైంది?

మొత్తం 41 స్టాండులు అమ్మాను, ఎక్కువమంది తెలిసినవాళ్లే. ఎవరూ కాపీ కొట్టలేదు. రెండో రెన్యూవల్ నోటీసు వచ్చిన రోజు అమ్మకాల లెక్క, కట్టాల్సిన ఫీజు పక్కపక్కన రాసుకుని, కట్టకుండా వదిలేశాను. నా స్టాండు ఇప్పటికీ టేబుల్ మీదే ఉంది. స్ప్రింగ్ తెగిపోయాక రబ్బరు పట్టీ వేశాను, అదే బాగా పనిచేస్తోంది.